చిలక రంగు కుదరని వేసవి

ఆ రోజుల్లో మా ఊళ్లో రంగులకి పేర్లు ఎక్కువ, వాటి మీద తగాదాలు అంతకన్నా ఎక్కువ. ఊరికే పచ్చ అంటే సరిపోయేది కాదు. చిలకపచ్చా, ఆకుపచ్చా, పాచి పచ్చా, వరి నారు పచ్చా అని ఆరా తీసేవాళ్లు. అమ్మా, పక్కింటి పిన్నీ కలిసి ఒక్క జాకెట్టు గుడ్డని చీర కొంగు పక్కన పెట్టి, గుమ్మంలో వెలుగుకి చూసి, లోపల నీడకి చూసి, మళ్లీ గుమ్మంలోకి తెచ్చి, మధ్యాహ్నం మొత్తం దాని మీదే గడిపేసేవాళ్లు. సముద్రం మీది నుంచి గాలి వచ్చి ఆ కొంగుని ఎగరేస్తూ ఉండేది. సరుగుడు తోటల హోరు నిద్రలో విన్నట్టు వినపడేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాలకి అంతే లేదనిపిస్తుంది. అప్పట్లో మాత్రం నేను వాళ్లని చూసి నవ్వేవాణ్ణి. ఎందుకంటే నేను నెల్లూరులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చినవాణ్ణి. రంగంటే అంకె అనీ, అంకెలో తగాదాకి చోటు లేదనీ నాకు తెలుసు. (ఆ వయసులో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. తర్వాత తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోయింది.)

మాది విడవలూరు వైపు, సముద్రానికి బాగా దగ్గర. ఊరికి ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క ఇసుకా పడవలూ. మాది మళ్ల పక్క. నేను వ్యవసాయమూ చెయ్యను, ఉద్యోగానికీ పోనని భీష్మించుకుని, వీధి గదిలో ఒక పాత కంప్యూటరూ, ఒక కొత్త ప్రింటరూ పెట్టుకుని, ఫోటోలు తీసి ఇంట్లోనే ప్రింటు వేసిచ్చే పనికి దిగాను. నాన్న ఆ ప్రింటర్ దగ్గరికి వచ్చేవాడు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి, నేను ఖాళీ ఇంకు సీసాలు పారెయ్యడం చూసి, "ఏందిరా, మన చేను గూడా ఇంత తాగదే!" అని పోయేవాడు. అమ్మ మాత్రం మొదటి రోజే దాన్నంతటినీ ఇంట్లో మనిషిగా కలిపేసుకుంది. మానిటర్ పై అంచు మీద నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టింది. ప్రతి శుక్రవారం నేను నిద్ర లేచేసరికి ఆ బొట్టు కొత్తగా మెరుస్తూ ఉండేది. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పకపోగా, పెద్ద పని ఏదైనా వస్తే ముందు ఆ బొట్టు వైపు ఒకసారి చూసుకునే మొదలుపెట్టేవాణ్ణి.

కష్టమల్లా ఏమిటంటే, తెర మీద కనపడేది ఒకటి, కాగితం మీద దిగేది ఇంకొకటి. తెర మీద ఏ ఫోటో చూసినా కాస్త పసుప్పచ్చగా ఉండేది. అది నా కెమెరా గుణం అనుకునేవాణ్ణి. జాగ్రత్తగా ఆ పసుపుని తగ్గించుకుంటూ వచ్చి, మనిషి మనిషి రంగులోకి తిరిగాక, తృప్తిగా ఒక నిట్టూర్పు విడిచి ప్రింటు కొట్టేవాణ్ణి. కాగితం మీద మనిషి నీలంగా దిగేవాడు. మా మేనత్త కొడుకు నిశ్చితార్థం ఫోటోల్లో పెళ్లికొడుకే కాదు, పంతులుగారి పంచె, పళ్లెంలో కొబ్బరిచిప్పలు, చివరికి అరటిపళ్లు కూడా నీలి ఛాయలో వచ్చాయి. అత్త ఆ ఫోటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ఏమబ్బయా, పిల్లోడికి చలిజొరం తగిలినట్టుండాదే. ఆడపిల్లోళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అంది. ఆడపిల్లవాళ్లు ఏమీ అనుకోలేదు, పెళ్లి చక్కగా జరిగింది. కానీ ఊళ్లో నా గదికి నీలాల స్టూడియో అని పేరు పడిపోయింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు చిలకపడవ మామ. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసకి మామ. ఆయనకొక చెక్క పడవ ఉండేది. వేసవిలో చేపల వేట ఆపేసే రోజులు రాగానే దాన్ని ఇసుక మీదికి లాగించి, తనే రంగు కలిపి, తనే పూసేవాడు. రెండు డబ్బాల రంగులు ఎంతెంత కలుపుతాడో కొడుకులకి కూడా చెప్పడు. ఆ చిలకపచ్చ పడవని ఊరంతా చిలక అనే పిలిచేది. ఆ ఏడు చిలక అడుగు చెక్కల్ని పురుగు తొలిచేసింది. ఇంక నీళ్లలోకి దించితే మునగడమే. కొడుకులు ఫైబర్ బోటు కొన్నారు. చిలకలోని ఇంజిన్ విప్పి దాన్లో బిగించాలి, చిలకని చెక్కలుగా విడగొట్టి అమ్మేయాలి. మామ దేనికీ కాదనలేదు. అయితే ఒక మెలిక పెట్టాడు.

"అబ్బయా, నా చిలక ఫోటో నా ఇంట్లో గోడకెక్కాల. అది గోడకెక్కిందాకా ఇంజిన్ మీద ఎవుడూ చెయ్యేసే పని లా. రంగు మాత్రం అచ్చం దాని రంగే రావాల. నువ్వు నీలాలు దించుతావంట గదా, నా దగ్గర ఆ యవ్వారం కుదరదు" అన్నాడు.

వేట మళ్లీ మొదలయ్యే రోజు దగ్గర పడుతోంది. ఊళ్లో పడవలన్నీ కడలి మీదికి పోతే, ఇంజిన్ లేని కొత్త బోటు పెట్టుకుని మామ కొడుకులు ఒడ్డున గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. పెద్దకొడుకు నన్ను పక్కకి పిలిచి, "అన్నా, నీకు దండం పెడతా. ఆ ముసిలాయన మాట తప్పడు, ఎట్టో ఒగట్ట ఆ రంగు దించు. మా కూడు నీ మిషన్లో ఉండాది" అన్నాడు. నా జీవితంలో నా ప్రింటర్ మీద ఒక కుటుంబం తిండి ఆధారపడటం అదే మొదలు. భయపడాల్సింది పోయి, గర్వంతో ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

మిట్ట మధ్యాహ్నం పోయి ఫోటో తీశాను. తెల్లటి ఇసుకలో చిలక ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దాని వెనక సముద్రం కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా కదులుతోంది. ఎండలో ఆ పచ్చని చూస్తుంటే కళ్లు మూసుకున్నా రెప్పల లోపల అదే కనపడేది. ఇంటికి వచ్చి, అలవాటు ప్రకారం పసుపు తగ్గించి, బొట్టు వైపు చూసుకుని ప్రింటు కొట్టాను. మామ కాగితం అందుకుని, కుడిచేతి బొటనవేలు దాని మీద ఆనించాడు. అప్పుడు చూశాను, ఆ గోటి మీద చిలకపచ్చ చుక్క ఉంది. డబ్బా అడుగున మిగిలిన రంగుని గోటికి పూసుకుని వచ్చాడాయన. ఆ పచ్చ పక్కన నా పచ్చ వెలవెలబోయింది. "నేను చిలకనిచ్చినా, నువ్వు నెమిలిని చేసినావు" అని కాగితం నా ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను పడిన పాట్లు చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. ప్రింటర్లో పసుపు పెంచాను. తెర వెలుగు తగ్గించాను. కాగితం మార్చాను. కాగితాన్ని గుమ్మంలోకి పట్టుకుపోయి ఎండకి చూసి, పరిగెత్తుకొచ్చి తెర పక్కన పెట్టి, మళ్లీ గుమ్మంలోకి పరిగెత్తాను. (మానిటర్ని కూడా జాకెట్టు గుడ్డలా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి పోగలిగితే ఎంత బాగుండునో అనుకున్నాను. అమ్మా పిన్నీ అరుగు మీద నుంచి నన్ను చూస్తూ ఉండేవాళ్లు. నవ్వారని మాత్రం చెప్పలేను, కొంగులు నోళ్లకి అడ్డం ఉండేవి.) విచిత్రం ఏమిటంటే, కుస్తీ పట్టి పట్టి గురువారానికల్లా తెరనీ కాగితాన్నీ దాదాపు ఒక దారికి తెచ్చేవాణ్ణి. హమ్మయ్య, రేపు పొద్దున మామని పిలుద్దాం అని పడుకునేవాణ్ణి. తెల్లారి చూస్తే మళ్లీ తేడా. తెరని చూసి ఆ తేడాని సరిచేస్తే కాగితం మీద చిలక ఇంకో మెట్టు నెమలి వైపు జరిగేది. నేను సముద్రపు గాలిని అనుమానించాను. కరెంటు హెచ్చుతగ్గుల్ని అనుమానించాను. ఇంకు అమ్మినవాణ్ణి అనుమానించి, నెల్లూరుదాకా పోయి వాడితో గొడవ పెట్టుకుని వచ్చాను. చివరికి నా కళ్లనే అనుమానించి, ఒక కన్ను మూసి ఒకసారీ, రెండో కన్ను మూసి ఒకసారీ తెరని చూస్తుంటే, నాన్న గుమ్మంలో నిలబడి అమ్మతో, "వీడికి పెళ్లన్నా చేద్దాం, లేకుంటే పొలానికన్నా తోలుదాం" అన్నాడు.

ఒక మధ్యాహ్నం అలాగే విసిగిపోయి తెర ముందు కూర్చుని ఉన్నాను. గాలి ఆగిపోయింది. ఊరంతా భోంచేసి పడుకుంది. తెర మీద చిలక, దాని వెనక సముద్రం, పైన ఆకాశం. ఎన్ని రోజులుగానో వాటిలోకి చూసి చూసి, నేను ఆ ఇసుకలోనే కూర్చుని ఉన్నానేమో అన్న భ్రమ కలిగేది. ఎక్కణ్ణుంచో ఒక దోమ వచ్చి ఆ ఆకాశం మీద వాలింది. దాన్ని బొటనవేలితో నలిపేశాను. మచ్చ పడింది. వేలిని నాలికతో తడి చేసుకుని ఆ మచ్చని గట్టిగా తుడిచాను. తుడిచినంత మేర ఆకాశం నీలంగా అయింది. చుట్టూ ఉన్న ఆకాశం ఎప్పటిలా పసుపు కలిసిన నీలం. మధ్యలో నా వేలెడంత కిటికీ, అందులోంచి నేను ఫోటో తీసిన రోజుకన్నా నీలంగా ఉన్న ఆకాశం! తర్వాత నా వేలు చూసుకున్నాను. పసుప్పచ్చగా ఉంది. వాసన చూశాను. మా వంటింటి వాసన వచ్చింది.

"అమ్మా!" అని నేను పెట్టిన కేకకి పక్కింటి పిన్ని కూడా లేచొచ్చింది.

అమ్మ కంగారుగా వచ్చి, విషయం విని, చాలా మామూలుగా చెప్పింది. "శుక్రవారం గడపకి పసుపు రాస్తా గదా. అదే చేత్తో అదే గుడ్డతో దాని మొహం గూడా తుడిచి, బొట్టు పెడతా ఉండా. ఎప్పుడు చూసినా దుమ్ము పట్టి ఉంటాది పాపం. నీకు అన్నం పెట్టేది గదా, ఒట్టి మొహాన ఎట్ట ఉంచేది?"

అన్ని వారాలుగా అమ్మ నా మానిటర్‌ మొహానికి పసుపు రాస్తూ వస్తోంది. నేను ఆ పసుపుని ఫోటోల్లోంచి తీసేస్తూ వస్తున్నాను. ఆవిడ శుక్రవారం ఒక పూత వేస్తే, నేను శనివారం దాన్ని పెళ్లికొడుకు బుగ్గల మీద నుంచి కడిగేస్తున్నాను. కోపం తెచ్చుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. కానీ ఆవిడ కొంగు చివర చూపుడువేలికి చుట్టుకుని, "పాడైపోయిందా నాయనా?" అని అడిగేసరికి ఆ ప్రయత్నం కూడా మానేశాను. "లేదులేమ్మా, నీ వల్ల ఏం కాలా" అన్నాను. ఆ వేసవిలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

తడిగుడ్డతో తుడిస్తే పోయిన చోట పోయింది, పోని చోట పోలేదు. తెర నిండా దేశపటం గీసినట్టయింది. ఇంకా రుద్దితే గీతలు పడతాయేమోనని నేను తల పట్టుకుని కూర్చుంటే, అమ్మ, "చీర మీద పసుపు మరక పడితే ఏం చేస్తాం? ఎండలో ఆరేస్తాం. పసుపు ఎండకి నిలవదు. దాన్నీ ఎండలో పెట్టు" అంది. ఏ కోర్సులోనూ చెప్పని మాట. ఇంకో దారి కూడా లేదు. మర్నాడు పెరట్లో నులకమంచం మీద దుప్పటి పరిచి, ఒక సగంలో అమ్మ మినప వడియాలు పెట్టింది, రెండో సగంలో నేను మానిటర్ని వెల్లకిలా పడుకోబెట్టాను. కాకుల్ని తోలడానికి ఒక కర్ర చేతికిచ్చి, "రెండూ చూస్తా ఉండు" అని లోపలికి పోయింది.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి. వేప చెట్టు కింద నేను, ఎండలో మానిటరు. మళ్లకి పోయేవాళ్లు, మళ్ల నుంచి వచ్చేవాళ్లు కంచె మీదుగా తొంగి చూసి, "ఏమబ్బయా, ఇంకా పచ్చిగానే ఉండాదా?" అని అడిగి పోయేవాళ్లు. ఒకాయన తిరగెయ్యమని కూడా సలహా ఇచ్చాడు. మామకి కబురు తెలిసి, తిట్టడానికని వచ్చాడు. జరిగింది విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత వెళ్లిపోకుండా నా పక్కనే కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. చిలక గురించి ఏవేవో చెప్పేవాడు. గాలివాన రోజున అది తనంతట తనే ఒడ్డు దారి పట్టిందనీ, చేపలు పడని రోజున దాన్ని తిట్టి తర్వాత తనే బాధపడ్డాననీ. చెబుతూ చెబుతూ గోటి మీద పచ్చ చుక్క వైపు చూసుకునేవాడు. సరుగుడు హోరుకి నాకు కళ్లు మూతలు పడేవి. మామ నా చేతిలోంచి కర్ర తీసుకుని కాకుల్ని తోలేవాడు. ఆయనకి తొందరేమీ లేదని నాకు మెల్లగా అర్థమైంది. రంగు కుదరనంతకాలం చిలక ఇసుక మీద క్షేమంగా ఉంటుంది. తొందరంతా ఆయన కొడుకులది, నాది.

పసుపు నిజంగానే పోయింది. తెర కడిగిన ఆకాశంలా అయింది. అమ్మ మానిటర్ని ముట్టుకోవడానికే భయపడుతుంటే, బొట్టు మాత్రం నేనే అడిగి పెట్టించుకున్నాను. అంచు మీద, అంచు మీదే. అంతకుముందు మార్చిన లెక్కలన్నీ మొదటికి తెచ్చి, తెర మీద పచ్చ చూసి, ప్రింటు కొట్టాను. కాగితం బయటికి వస్తుంటేనే తెలిసింది, చిలక వచ్చేసిందని. దాన్ని తీసుకుని, దారి పొడుగునా ఎండకి చూసుకుంటూ మామ ఇంటికి పోయాను. వెనకాల సంచిలో పాత నెమళ్లు కూడా ఉన్నాయి, తేడా చూపించి నా ప్రతాపం చెప్పుకుందామని.

మామ గోరు ఆనించాడు. గోటి పచ్చ కాగితం పచ్చలో కలిసిపోయి, ఎక్కడిది ఎక్కడో తెలియలేదు. కొడుకులు వెనక నుంచి తొంగి చూశారు. మామ గోరు తియ్యలేదు. "కుదిరింది" అన్నాడు. ఆ మాటకి నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆయన మొహం చూశాక నాకు కుదరకపోయినా బాగుండేదేమో అనిపించింది.

అంతలో అత్త, అంటే మామ భార్య, నా సంచిలోంచి ఒక నెమలి ప్రింటు బయటికి తీసింది. అన్నిటికన్నా చెడిపోయింది అదే, ఇసుక కూడా నీలంగా ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఇదిగో మా చిలక" అంది.

"అది తప్పుది లేయే. పసుపు తగ్గి అట్టా వచ్చింది" అన్నాడు మామ.

"నువ్వు దాంట్లో ఎక్కి కూసుంటివి. దాన్ని నువ్వెప్పుడు చూసినావు?" అంది అత్త. "ఒడ్డున నిలబడి చూసింది నేను. తెల్లారకముందు, దూరాన, మంచులోంచి ఇట్టనే కనపడేది. ఈ రంగు కంటబడితేనే నేను ఇంటికి పోయి పొయ్యి ముట్టించేది. నీ పచ్చ రంగు నాకెందుకు? అది కనపడే యాలకి నువ్వు ఇంటికి వచ్చేసుంటావు."

పెళ్లయి అన్నేళ్లయినా ఆ మాట మామ అప్పుడే విన్నట్టుంది. తర్వాత కొడుకుల వైపు తిరిగి, "మేకులు రెండు తీసకరాండి" అన్నాడు. గోడ మీద రెండు చిలకలూ పక్కపక్కనే ఎక్కాయి. ఆ సాయంత్రమే ఇంజిన్ విప్పారు. కొత్త బోటు అందరితో పాటే కడలి మీదికి పోయింది. చిలకని విడగొట్టిన రోజు మామ ఇసుక వైపు పోలేదు. మా పెరట్లోకి వచ్చి, వడియాలు లేకపోయినా, మంచం మీద కూర్చుని కాకుల్ని తోలుతూ గడిపాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది.

చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు టౌన్లో షాపుంది. తెరకి తగిలిస్తే రంగులన్నీ కొలిచి తప్పొప్పులు చెప్పే యంత్రం కూడా ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు మామ ఇంట్లో అడుగుపెట్టాను. గోడ మీద రెండు ఫోటోలూ అలాగే ఉన్నాయి. కానీ ఏది చిలకో ఏది నెమలో పోల్చుకోలేకపోయాను. ఆ రోజుల్లో నేను వాడిన ఇంకులో పసుపు ఇన్నేళ్ల వెలుగుకి నిలవలేదు. మామ పచ్చ మెల్లమెల్లగా అత్త నీలంలోకి జరిగి, రెండూ ఒక్కటే అయిపోయాయి. నాకు సిగ్గేసింది. "మామా, ఫోటో నా దగ్గర భద్రంగా ఉంది. ఇప్పుడైతే వందేళ్లు చెక్కు చెదరని ఇంకుతో తీసిస్తాను" అన్నాను.

మామకి చూపు తగ్గింది. ఆయన గోడ వైపు తలెత్తి, "ఎందుకులే అబ్బయా" అన్నాడు. అత్త వంటింట్లోంచే, "ఇన్నాళ్లకి ఒప్పుకున్నాడు, నువ్వు మళ్లా చెడగొట్టబాక" అని కేకేసింది.

షాపుకి తిరిగి వచ్చాక ఊరికే ఆ యంత్రాన్ని తెరకి తగిలించి చూశాను. రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పింది. నేను మానిటర్ అంచు మీది బొట్టు వైపు చూసుకుని, బొటనవేలు నాలికతో తడి చేసుకుని, తెర మీద ఒక మూల తుడిచి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. ఎందుకో కాస్త దిగులేసింది, నవ్వూ వచ్చింది.